ఆన్‌లైన్ ఫ్యామిలీ కౌన్సెలింగ్: ఇంట్లో అత్తమామలుండగా ఎలా?

ప్రశ్న: భర్త బెంగళూరులో, భార్య విజయవాడలో అత్తమామల దగ్గర. ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్ తీసుకోవాలంటే ఎవరిని నమ్మాలి? గోడలకు చెవులున్న ఇంట్లో మాట్లాడేదెలా?

జవాబు 1: ముందు అర్హత అడగండి. క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరుండాలి. ఉత్త ‘కౌన్సెలర్’ అంటే ఏం చదివారో, జంటలతో ఎన్నేళ్లు పనిచేశారో అడగాల్సిందే. ఒకరు విడిగా చెప్పిన మాట రెండోవారికి చేరుతుందా లేదా అన్నది మొదటి సెషన్‌లోనే తేల్చుకోండి. చాలాసార్లు బెడిసికొట్టేది అక్కడే.

జవాబు 2: స్పీకర్ వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. గది కుదరకపోతే ఆపి ఉంచిన కారు నయం. నెట్ పోతే ఎవరు ఎవరికి కాల్ చేయాలో ముందే అనుకోండి. లేదంటే “కావాలనే కట్ చేశావు” అని ఇంకో గొడవ!

జవాబు 3: పై రెండూ సరే గానీ, కొట్టడం, బెదిరించడం ఉంటే జాయింట్ సెషన్ వద్దు. అక్కడ నోరు విప్పినందుకు తర్వాత ఇంట్లో దెబ్బలు పడొచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. ఫీజు భారమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది. 2022లో మొదలైంది, ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడొచ్చు. వారం వారం సాగే జంట కౌన్సెలింగ్‌కు మాత్రం అది బదులు కాదు.