ప్రకృతి వదిలేదే ఎక్కువ కదా, గాలిలో పెరిగిన కార్బన్ మనదేనని ఎలా తేలుస్తారు?

పొద్దుతిరుగుడు (ప్రశ్న):
సముద్రాలు, అడవులు, నేల కలిసి ఏటా 70,000 కోట్ల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి మనం వదిలేది దాదాపు 3,700 కోట్ల టన్నులు, అంటే అందులో ఇరవయ్యో వంతు. అంత చిన్న వాటా గాలిని ఎలా మార్చగలదు? అంటార్కిటికా ఐస్ కోర్లలో (మంచును లోతుగా తొలిచి తీసిన కడ్డీల్లో) చూస్తే ముందు వేడి పెరిగింది, వందల ఏళ్ల తర్వాత కార్బన్ డయాక్సైడ్ పెరిగింది. అగ్నిపర్వతాలు, సూర్యుడు ఉండనే ఉన్నాయి. శాస్త్రజ్ఞులందరూ ఒప్పుకున్నారనే జవాబు వద్దండి, కొలతలు, వాటి మీద లెక్క కావాలి. ఇంకో సందేహం: కొన్నిచోట్ల మన వాటా 1,000 కోట్ల టన్నులని రాస్తున్నారు. ఏది సరైనది?

తూనికరాయి:
చివరి సందేహం ముందు తీరుద్దాం, ఎక్కువమంది తప్పటడుగు వేసేది అక్కడే. రెండూ సరైనవే. 1,000 కోట్ల టన్నులన్నది ఒట్టి కార్బన్ బరువు, 3,700 అన్నది ఆక్సిజన్‌తో కలిసిన బరువు. కార్బన్ 12, కార్బన్ డయాక్సైడ్ 44 కాబట్టి 3.67తో గుణించాలి. ఒక పట్టికలో ఒక బరువు, ఇంకో పట్టికలో ఇంకో బరువు తీసుకుంటే లెక్క నాలుగు రెట్లు దారి తప్పుతుంది.

ఇక అసలు విషయం. మీరు ప్రకృతి వదిలేది రాశారు గానీ పీల్చుకునేది రాయలేదు. హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను 1958 నుంచి కొలుస్తున్నారు. గాలిలో 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) పెరిగిందంటే 780 కోట్ల టన్నులు చేరినట్టు. ఈమధ్య ఏటా సగటున 2.5 పీపీఎం పెరుగుతోంది, అంటే 1,950 కోట్ల టన్నులు. మనం వదిలేది ఇంధనాల నుంచి 3,700, అడవుల నరికివేత వగైరాల నుంచి ఇంకో 400, మొత్తం 4,100. మనం వేసిన దాంట్లో సగమే గాలిలో మిగులుతోంది. మిగతా సగాన్ని సముద్రమూ మొక్కలూ తీసుకుంటున్నాయి. అంటే అన్నీ కలిపి చూస్తే ప్రకృతి ఏటా 2,000 కోట్ల టన్నులకు పైగా లోపలికి లాగుతోంది. లాగుతున్నది పెరుగుదలకు మూలం కాలేదు. దీనికి ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న అణువులు) కూడా అక్కర్లేదు, తీసివేత వస్తే చాలు.

మీరే లెక్క వేస్తే ఒక జాగ్రత్త: మే నెల అంకెను సెప్టెంబరు అంకెతో పోల్చకండి. ఉత్తరార్ధగోళంలో ఆకులు చిగిర్చి రాలడం వల్ల అక్కడ ఏడాదిలోనే 6 పీపీఎం దాకా ఊగుతుంది. 12 నెలల సగటు తీసుకోండి. ఎల్ నినో (పసిఫిక్ సముద్రం మామూలుకన్నా వేడెక్కే) ఏళ్లలో పెరుగుదల ఎక్కువ కనిపిస్తుంది, కాబట్టి ఒక్క ఏడాదిని పట్టుకోకుండా పదేళ్లు చూడండి.

నీలిపొగ:
అగ్నిపర్వతాల సంగతి: నేల మీదవీ సముద్రం అడుగువీ కలిపి ఏటా 50 కోట్ల టన్నులు దాటవు. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం అంత పెద్ద పేలుడులో వెలువడింది దాదాపు 5 కోట్ల టన్నులు, ఇప్పుడు మనం సగం రోజులో కాల్చేదంత. పైగా ఆ పేలుడు భూమిని చల్లబరిచింది. దాదాపు 1.5 కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ స్ట్రాటోస్ఫియర్‌కు (మబ్బుల పైనుండే గాలి పొరకు) చేరి, సన్నని ఆమ్ల తుంపర్లుగా మారి ఎండను వెనక్కి పంపింది. ఏడాదికి పైగా ప్రపంచ సగటు అర డిగ్రీ దాకా తగ్గింది.

శిలాజ ఇంధనాల్లో కార్బన్-14 (కాలంతో తరిగిపోయే రేడియోధార్మిక కార్బన్) ఉండదు. దాని అర్ధాయువు 5,730 ఏళ్లు, కోట్ల ఏళ్ల నాటి బొగ్గులో అది ఎప్పుడో అయిపోయింది. గాలిలో కార్బన్-14 పలచబడుతోందంటే పాత కార్బన్ వచ్చి కలుస్తున్నట్టే.

మూడోకన్ను:
నీలిపొగ గారూ, అగ్నిపర్వతాల కార్బన్‌లోనూ కార్బన్-14 ఉండదు, కాబట్టి అదొక్కటే చాలదు. పైగా 1960ల మొదట్లో అణుపరీక్షల వల్ల గాలిలో అది దాదాపు రెట్టింపైంది. ఆ తర్వాతి తగ్గుదలలో ఎక్కువ భాగం ఆ బాంబు కార్బన్ సముద్రంలోకి, మొక్కల్లోకి వెళ్లడం వల్లే. పలచబడటానికి సాక్ష్యం కావాలంటే 1950కి ముందు పెరిగిన చెట్ల వలయాలు చూడాలి. రసాయన శాస్త్రవేత్త హాన్స్ స్యూస్ చూపించింది అవే.

అగ్నిపర్వతాలను పక్కన పెట్టేది కార్బన్-13. మొక్కలు తేలికైన కార్బన్-12నే ఎక్కువగా తీసుకుంటాయి, వాటి నుంచి పుట్టిన బొగ్గు, చమురులోనూ అదే తీరు. గాలిలో కార్బన్-13 సూచిక (ఒక ప్రమాణంతో పోలిస్తే కార్బన్-13 వాటా వెయ్యికి ఎంత తక్కువో చెప్పే అంకె) మైనస్ 6.4 దగ్గర్నుంచి దాదాపు మైనస్ 8.5కి పడిపోయింది. అగ్నిపర్వతాలది మైనస్ 5 చుట్టుపక్కల ఉంటుంది. అవే మూలమైతే సూచిక ఇంత పడిపోదు. ఇప్పటి అడవులది కూడా తేలిక కార్బనే గానీ, అందులో కార్బన్-14 ఉంటుంది. రెండు పరీక్షలూ కలిస్తేనే వల బిగుస్తుంది.

ఆక్సిజన్ కూడా చూడండి. ఏటా సుమారు 4 పీపీఎం తగ్గుతోంది, కాల్చినప్పుడు ఖర్చయ్యేది అదే. సముద్రం నుంచి గానీ అగ్నిపర్వతం నుంచి గానీ కార్బన్ డయాక్సైడ్ బయటకొస్తే ఆక్సిజన్ ఇలా తగ్గదు. (ఊపిరికి భయం లేదు, మొత్తం 2,09,500 పీపీఎం ఉంది.)

పొద్దుతిరుగుడు:
కార్బన్ మనదేనన్నది ఒప్పుకుంటున్నాను. వేడి మాత్రం సూర్యుడిది ఎందుకు కాకూడదు? ఐస్ కోర్ల ప్రశ్నకు కూడా జవాబు రాలేదు.

మూడోకన్ను:
ఐస్ కోర్లతో మొదలుపెడతాను. బుడగలోని గాలి, దాన్ని చుట్టుకున్న మంచు ఒకే వయసువి కావు. మంచు 50 నుంచి 100 మీటర్లకు పైగా లోతుకు కూరుకుపోయాకే బుడగలు మూసుకుంటాయి, అందుకే గాలి వందల నుంచి వేల ఏళ్లు చిన్నది. ఆ వయసు తేడాను సరిచేసేకొద్దీ మీరు చెప్పిన ఆలస్యం కుదించుకుపోతోంది. అయినా కొంత ఆలస్యం ఉండటం సహజమే. హిమయుగాన్ని కదిలించేది భూకక్ష్య. అక్షం వాలు 41,000 ఏళ్లకోసారి 22.1, 24.5 డిగ్రీల మధ్య ఊగుతుంది. ముందు కాస్త వేడెక్కాక సముద్రం కార్బన్ వదులుతుంది, అది ఆ వేడిని ఇంకా పెంచుతుంది. గత హిమయుగం చివర 80 పీపీఎం పెరగడానికి దాదాపు 7,000 ఏళ్లు పట్టింది. 1980లో 339 ఉన్నది 2023కి 421 అయింది, 43 ఏళ్లలో. అప్పుడు 5, 6 డిగ్రీల వేడికి 80, 90 పీపీఎం వచ్చింది. ఆ లెక్కన ఇప్పటి 1.2 డిగ్రీలకు 20 పీపీఎం రావాలి, కానీ పరిశ్రమల కాలానికి ముందున్న 280 నుంచి పెరిగింది 140.

తూనికరాయి:
సూర్యుడి లెక్క: 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నాయి. సూర్యుడి 11 ఏళ్ల చక్రంలో, చదరపు మీటరుకు అందే 1,361 వాట్లలో తేడా 1 వాట్ మాత్రమే. భూమి గుండ్రం కాబట్టి 4తో భాగించి, పరావర్తనమయ్యే 30 శాతం తీసేస్తే 0.18 మిగులుతుంది. కార్బన్ డయాక్సైడ్ పట్టి ఉంచే అదనపు వేడికి, 5.35 అనే గుణకాన్ని 420/280 (ఇప్పటి పీపీఎం, పరిశ్రమలకు ముందటి పీపీఎం) సహజ లాగరిథంతో గుణించండి, చదరపు మీటరుకు 2.17 వాట్లు వస్తాయి.

స్ట్రాటోస్ఫియర్ సంగతి మరీ స్పష్టం. సూర్యుడే కారణమైతే కింద, పైన రెండూ వేడెక్కాలి. కింది పొర వేడెక్కుతుంటే పైది చల్లబడుతోంది.

నీలిపొగ:
ఆ చల్లబడటంలో ఓజోన్ తగ్గుదలకూ వాటా ఉందని మరవొద్దు. అందుకే 1990ల చివరి తర్వాతి కాలం తీసుకోండి: అప్పటికి ఓజోన్ తగ్గడం ఆగింది, 40 కిలోమీటర్ల పైన చల్లబడటం మాత్రం ఆగలేదు. 1992 చుట్టూ కింది స్ట్రాటోస్ఫియర్‌లో కనిపించే వేడి పినటూబోది. గ్రాఫ్ గీసేటప్పుడు ఆ రెండేళ్లను వేరే రంగులో పెట్టండి.