1948 లండన్ ఒలింపిక్స్‌లో వెంబ్లీ హాకీ స్వర్ణం స్వాతంత్ర్యానికి గుర్తా, మనం తర్వాత అతికించిన కథా?

పెనాల్టీకార్నర్: ఆగస్టు వస్తే చాలు, "తెల్లవాణ్ని వాడి గడ్డ మీదే 4-0తో కొట్టాం" అని ఒకటే హోరు. మంచి ఆటే, కాదనను. కానీ 1928, 1932, 1936లో కూడా మనవాళ్లు స్వర్ణం తెచ్చారుగా. ధ్యాన్‌చంద్ ఆట బానిస ఆటా?

వీరభద్రం_58: అయ్యా, అప్పుడు ఆడింది బ్రిటిష్ ఇండియా పేరుతో. పైగా ఆ మూడు ఒలింపిక్స్‌కూ బ్రిటన్ హాకీ జట్టును పంపనే లేదు. ఏలుబడిలో ఉన్నవాళ్ల చేతిలో ఓడితే పరువు పోతుందని భయం! ఒలింపిక్స్‌లో ఎదురుపడింది 1948 ఆగస్టు 12నే. బల్బీర్ సింగ్ మొదటి సగంలోనే రెండు గోల్స్ కొట్టి లెక్క తేల్చేశాడు.

పెనాల్టీకార్నర్: పంపలేదన్నది నిజం. భయపడి అన్నది మీ మసాలా.

వీరభద్రం_58: భయం కాకపోతే ఇంకేమిటో మీరే చెప్పండి.

సుజాత_కె: దారాని మరిచిపోయారు. 1936లో మన జట్టులో ఆడినవాడు 1948లో పాకిస్తాన్ కెప్టెన్. గుర్తు అంటే ఇదీ గుర్తే.

లెఫ్ట్‌వింగర్: జెండా, గుర్తు అంటూ కబుర్లు బాగానే ఉన్నాయి. మా అబ్బాయిని సెలక్షన్స్‌కి తీసుకెళితే ఎండలో మధ్యాహ్నం దాకా నిలబెట్టి, పేరు కూడా పిలవకుండా పంపేశారు. హాకీ మీద ప్రేమ ఇదీ.

వీరభద్రం_58: దానికీ దీనికీ సంబంధం ఏమిటండీ? అసలు కార్నర్ గారూ, దేశం గెలిచిందంటే మీకెందుకంత మంట?

పెనాల్టీకార్నర్: అడిగారు కాబట్టి చెప్తున్నా. మాది నల్గొండ జిల్లా. వెంబ్లీలో ఆ జెండా ఎగిరిన రోజుకి మేం ఇంకా నిజాం కింద ఉన్నాం. అదే జెండా ఇక్కడ ఎత్తితే జైలు. రజాకార్లు ఏ రాత్రి ఊరి మీద పడతారో అన్నదే మా తాత టెన్షన్, బల్బీర్ గోల్స్ కాదు.

వీరభద్రం_58: మరి సెప్టెంబర్ 17న విముక్తి అయ్యారు కదా! నెల ఆలస్యం, అంతేగా. మీ తాతగారు పోరాడిందీ ఆ జెండా కోసమేగా?

పెనాల్టీకార్నర్: భూమి కోసం. కమ్యూనిస్టుల సంఘంలో ఉన్నాడు. రజాకార్లకు దొరకని మనిషిని, ఆ జెండా పట్టుకుని వచ్చిన సైన్యం పట్టుకుంది. మీకు "నెల ఆలస్యం". మా ఇంట్లో ఆగస్టు 15కి చాలాకాలం మిఠాయి పంచలేదు.

సుజాత_కె: ఇది ముందే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు.

వీరభద్రం_58: బాధ అర్థమైంది. కానీ అది రాజకీయం. ఆటలోకి తేకండి.

పెనాల్టీకార్నర్: తెచ్చిందెవరు సార్? హాకీ ఆడిన పదకొండు మందిని స్వాతంత్ర్యానికి గుర్తు అన్నది నేనా?