మామిడి సీజన్ ముందు పికప్‌కు ప్లగ్గులు: ఇరీడియం వేయించాలా, మామూలువి చాలా?

ప్రశ్న (బంగారుపాళ్యం)

అన్నలకు నమస్కారం. నాది నాలుగు సిలిండర్ల చిన్న పికప్. కంపెనీ నుంచే సీఎన్‌జీతో వచ్చింది, బీఎస్6. తోతాపురి కోత మొదలైతే తోటల నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు, అప్పుడప్పుడు మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు వైపు లోడు తోలతాను. ఖాళీగా ఉంటే బండి సాఫీగా పోతుంది. లోడుతో ఘాట్ ఎక్కుతూ మూడో గేర్‌లో గట్టిగా తొక్కితే మాత్రం జర్క్ కొడుతుంది. ఇంజిన్ లైటు కూడా ఒకటి రెండుసార్లు వెలిగి ఆరిపోయింది. పెట్రోల్‌కు మార్చగానే చాలావరకు సర్దుకుంటుంది. రీడింగ్ 46 వేల కిలోమీటర్లు. స్పార్క్ ప్లగ్గులు (సిలిండర్‌లో రవ్వ పుట్టించేవి) ఇంతవరకు మార్చలేదు.

మా ఊరి మెకానిక్ ఇరీడియం వేయించుకుంటే ఇక చూసుకునే పనే లేదంటాడు. చిత్తూరులో ఒక షాపులో అడిగితే, ఘాట్‌లో లోడు తోలే బండికి ఒక నంబరు కోల్డ్ ప్లగ్గు వేస్తే ఇంజిన్ వేడెక్కదన్నారు. ఇద్దరి మాటకు పొంతన లేదు. సీజన్‌లో బండి ఆగిందంటే అదో టెన్షన్. ఏవి తీసుకోమంటారు?

జవాబు (మదనపల్లె)

నా డీజిల్ బొలెరో కూడా ఘాట్‌లో లాగడం లేదు. నేనూ ఈ ప్లగ్గులే మార్పిస్తే సరిపోతుందా?

జవాబు (తిరుపతి, వర్క్‌షాప్)

మదనపల్లె అన్నా, డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. ఉండేది హీటర్ ప్లగ్గు. దాని పనంతా చల్లగా ఉన్న ఇంజిన్‌ను స్టార్ట్ చేయడం వరకే. లోడు మీద లాగకపోతే ముందు డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టాలు చూపించండి. మీది వేరే కథ, విడిగా అడగండి.

ఇక బంగారుపాళ్యం తమ్ముడి బండి. ఖాళీగా బాగుంది, లోడు మీదే జర్క్. అది కూడా సీఎన్‌జీలో ఎక్కువ, పెట్రోల్‌లో తక్కువ. ఇలా చెబితే నా మొదటి అనుమానం ప్లగ్గు గ్యాప్ మీద, అంటే రవ్వ దూకే రెండు కొనల మధ్య సందు మీద. రెండోది కాయిల్ బూట్ల మీద, అంటే ప్లగ్గుకు ఓల్టేజ్ ఇచ్చే కాయిల్‌ను ప్లగ్గుకు కలిపే రబ్బరు తొడుగుల మీద. ప్లగ్గు ఏ లోహానిదన్నది ఆ తర్వాతి మాట.

పెట్రోల్‌తో పోలిస్తే సీఎన్‌జీ అంత సులభంగా అంటుకోదు. రవ్వ రావడానికి ఎక్కువ ఓల్టేజ్ కావాలి. ఘాట్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే సిలిండర్ నిండుగా గాలి, గ్యాసు చేరి కంప్రెషన్‌లో ఒత్తిడి బాగా పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ రవ్వ దూకడం ఇంకా కష్టం. దానికి తోడు, 40 వేల కిలోమీటర్లు తిరిగిన మామూలు నికెల్ ప్లగ్గు కొన అరిగి గుండ్రంగా అయ్యుంటుంది, గ్యాప్ పెరిగి ఉంటుంది. ఈ మూడూ మొగిలి ఘాట్‌లో ఒక్కసారిగా మీద పడతాయి. కాయిల్ తన శక్తి కొద్దీ ఓల్టేజ్ ఇస్తుంది. గ్యాప్ దాటడం దానికి కష్టమైతే, కరెంటు బూటు రబ్బరులో ఏ సన్నటి చీలిక దొరికినా అందులోంచి హెడ్‌కు దూకేస్తుంది. ఆ క్షణం ఆ సిలిండర్ మండదు. నీకు తెలిసే జర్క్ అదే.

లైటు గురించి ఒక మాట. వెలిగి నిలకడగా ఉంటే సాయంత్రం చూపించుకోవచ్చు. టపటపా మెరుస్తుంటే మాత్రం వెంటనే యాక్సిలరేటర్ తగ్గించి, చోటు చూసుకుని బండి పక్కకు తీయి. మండని ఇంధనం సైలెన్సర్ వైపు పోయి, పొగను శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్‌లో కాలుతుంది. అది పాడైతే అయ్యే ఖర్చు ముందు నాలుగు ప్లగ్గుల ఖర్చు లెక్కలోకి రాదు.

కోల్డ్ ప్లగ్గు వేస్తే ఇంజిన్ వేడెక్కదన్న మాట నమ్మకు. ప్లగ్గు ఇంజిన్‌ను చల్లబరచదు. హాట్, కోల్డ్ అనేవి ప్లగ్గు తన కొనకు తగిలిన వేడిని ఎంత త్వరగా హెడ్‌కు పంపేస్తుందో చెప్పే మాటలు. కొన సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని మీద పట్టిన మసి కాలిపోయి శుభ్రమవుతుంది. 850 దాటిపోతే రవ్వ పడకముందే ఆ కొనే నిప్పుకణికలా గ్యాసును అంటించి పిస్టన్‌కు ముప్పు తెస్తుంది. బండి తయారుచేసినవాళ్లు లోడు, ఎండ, ఘాట్ అన్నీ లెక్కపెట్టుకుని ఈ రెండింటి మధ్య ఉండేలా నంబరు ఇచ్చారు. నువ్వు కోల్డ్ వేస్తే ఘాట్‌లో ఏమీ తెలియకపోవచ్చు. తోటల్లో ఐడ్లింగ్‌లో ఉంచి కాయలు ఎత్తించేటప్పుడు, ఊళ్లో చిన్న చిన్న దూరాలు తిరిగేటప్పుడు పెట్రోల్ మీద మసి పట్టి మళ్లీ మిస్సింగ్ (సిలిండర్ మండకుండా తప్పడం) మొదలవుతుంది. బండితో వచ్చిన పుస్తకంలో ఉన్న నంబరే వేయి.

జవాబు (చిత్తూరు, స్పేర్ పార్ట్స్ కౌంటర్)

తిరుపతి అన్న చెప్పింది నిజం. అయితే నంబర్ల దగ్గర షాపులవాళ్లే తికమకపడతారు. ఎన్‌జీకేలో, డెన్సోలో నంబరు పెరిగేకొద్దీ కోల్డ్. బాష్‌లో, ఛాంపియన్‌లో తిరగేసి, నంబరు పెరిగేకొద్దీ హాట్. ఎన్‌జీకే 6 దగ్గరదగ్గరగా డెన్సో 20కీ, బాష్ 7కీ సమానం. ఒక కంపెనీ ప్లగ్గు బదులు ఇంకో కంపెనీది ఇస్తామంటే, నంబరు ఒకటేలే అని తీసుకోకండి. ఆ కంపెనీ పట్టికలో మీ బండి పేరు ఎదురుగా ఏముందో చూపించమనండి.

కోడ్ చదవడం కూడా తెలుసుకుంటే మంచిది. ఉదాహరణకు ఎన్‌జీకే బీకేఆర్6ఈ-11 తీసుకోండి. ఇది మీ బండి ప్లగ్గు అని చెప్పడం లేదు. బీ అంటే 14 మిల్లీమీటర్ల థ్రెడ్. ఆర్ అంటే లోపల రెసిస్టర్ (రవ్వల అలజడిని అణిచే భాగం) ఉంది. 6 హీట్ నంబరు. ఈ అంటే థ్రెడ్ పొడవు 19 మిల్లీమీటర్లు. చివరి 11 అంటే గ్యాప్ 1.1 మిల్లీమీటరు. ఇందులో ఒక్క అక్షరం తేడా వచ్చినా అది వేరే ప్లగ్గు. థ్రెడ్ పొడవు ఎక్కువైతే పిస్టన్‌కో, వాల్వుకో తగలొచ్చు. తక్కువైతే హెడ్‌లో మిగిలిన థ్రెడ్‌కు కార్బన్ పట్టేసి, తర్వాత సరైన ప్లగ్గు పెట్టాలన్నా ఎక్కదు. ఆర్ లేని ప్లగ్గు చవకగా దొరికిందని వేస్తే ఆ రవ్వల అలజడి సెన్సర్లను, కంప్యూటర్‌ను తికమకపెడుతుంది. బీఎస్6 బండికి అది అస్సలు వద్దు.

నకిలీలు చాలానే తిరుగుతున్నాయి. వాషర్ చేత్తో లాగితే ఊడిపోయేలా ఉన్నా, పింగాణీ మీద అక్షరాలు మసకగా ఉన్నా, ధర మరీ తక్కువైనా అనుమానించండి. బిల్లు ఇవ్వని చోట కొనకండి.

ప్రశ్న (బంగారుపాళ్యం)

అర్థమైంది అన్నా. మరి ఇరీడియం సంగతి? పైగా సీఎన్‌జీ బండ్లకు గ్యాప్ 0.7 పెట్టాలని ఎక్కడో విన్నాను. తీసి కొట్టి తగ్గించుకోవచ్చా?

జవాబు (తిరుపతి, వర్క్‌షాప్)

బయట సీఎన్‌జీ కిట్టు వేయించిన బండ్లకు 0.7, 0.8 పెట్టడం మామూలే. ఆ బండి పుస్తకం పెట్రోల్‌ను దృష్టిలో పెట్టుకుని రాసింది, సీఎన్‌జీకి ఆ గ్యాప్ ఎక్కువవుతుంది. నీది కంపెనీ సీఎన్‌జీ కాబట్టి ప్లగ్గునూ గ్యాప్‌నూ వాళ్లే దానికి తగ్గట్టు నిర్ణయించి ఉంటారు. పుస్తకం తెరిచి చూడు, అందులో ఉన్నదే పెట్టు. సొంత లెక్కతో మరీ తగ్గిస్తే రవ్వ చిన్నదై ఐడ్లింగ్ గరుకుగా ఉంటుంది.

ఇరీడియం మంచిదే, అబద్ధం చెప్పను. కొన సన్నగా ఉంటుంది కాబట్టి రవ్వ తక్కువ ఓల్టేజ్‌కే దూకుతుంది, సీఎన్‌జీకి అది కలిసొచ్చే గుణం. నికెల్ 1,455 డిగ్రీలకు కరిగితే ఇరీడియం 2,400 డిగ్రీలు దాటాక కానీ కరగదు. అందుకే అంత సన్నటి కొన కూడా అరగకుండా నిలుస్తుంది. అయితే చూడాల్సింది ఇంకొకటుంది. కొన్నింటిలో మధ్య కొన మాత్రమే ఇరీడియం, పైన వంగి ఉండే సైడ్ కొన మామూలు నికెల్‌దే. ఆ సైడు అరిగితే గ్యాప్ పెరిగినట్టే. డబ్బా మీద ఇరీడియం అని కనిపించగానే లక్ష కిలోమీటర్లని లెక్క వేసుకోకు. రెండు కొనలకూ ఇరీడియమో, ప్లాటినమో ఉన్నవే అంత దూరం ఆశించదగినవి.

నీ బండిలో కంపెనీ ఏది వేసిందో విప్పి చూడు. నికెల్‌తో వచ్చి ఉంటే, నేనైతే మళ్లీ నికెల్‌వే వేసి 25 వేల దగ్గర గ్యాప్ చూసి మారుస్తాను. నీలాగా దుమ్ములో, లోడులో తిరిగే బండికి మధ్యమధ్య ప్లగ్గులు విప్పి చూడటమే లాభం. కంపెనీ ఇరీడియం వేసి ఉంటే మాత్రం ఖర్చు చూసుకుని నికెల్‌కు దిగవద్దు. ఇరీడియం గ్యాప్ కోసం కొట్టడం, రూపాయి బిళ్లలాంటి గేజు తోసి తిప్పడం చేయకు. ఆ సన్నటి కొన విరిగితే ప్లగ్గు పోయినట్టే.

విప్పేటప్పుడు ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. అల్యూమినియం హెడ్ వేడిగా ఉన్నప్పుడు విప్పితే థ్రెడ్ లాగేస్తుంది, అప్పుడు పని నాలుగింతలు. కాయిల్ తీశాక ప్లగ్గు గుంతలో గాలి కొట్టించు. మన తోటదారుల మట్టి ఆ గుంతలో పేరుకుని ఉంటుంది, ప్లగ్గు తీయగానే తిన్నగా సిలిండర్‌లో పడుతుంది. కొత్తది చేత్తోనే చివరిదాకా తిప్పాలి. చేత్తో తిరగకపోతే అడ్డంగా ఎక్కుతోందని అర్థం, బలవంతం చేయొద్దు. వాషర్ ఆనాక 14 మిల్లీమీటర్ల కొత్త ప్లగ్గుకు పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు చాలు. టార్క్ పానా (ఎంత బలంగా బిగిస్తున్నామో కొలిచేది) ఉంటే సాధారణంగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. థ్రెడ్ 12 మిల్లీమీటర్లదైతే 15 నుంచి 20 మాత్రమే. పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించు. థ్రెడ్‌కు గ్రీజు పూయొద్దు. జారుడుకు తెలియకుండానే ఎక్కువ బిగిసిపోతుంది.

ప్రశ్న (శ్రీకాళహస్తి)

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోవద్దు. నా సీఎన్‌జీ బండి ప్లగ్గు విప్పితే కొన తెల్లగా ఉంది. ఇంజిన్ లీన్‌గా (గాలి ఎక్కువై, ఇంధనం తక్కువై) నడుస్తోందని ఒకరు భయపెట్టారు.

జవాబు (తిరుపతి, వర్క్‌షాప్)

పెట్రోల్ బండిలో చూసే లేత ఇటుక రంగును సీఎన్‌జీలో వెతకొద్దు సార్. గ్యాసు శుభ్రంగా మండుతుంది, కొన తెల్లగానో బూడిద రంగుగానో ఉండటం మామూలే. పింగాణీ మీద బొబ్బలు, కరిగిన చుక్కలు, కొన తినేసినట్టు ఉండటం కనిపిస్తే అప్పుడు భయపడాలి. పింగాణీ ఇనుప భాగంలోకి దిగే చోట చుట్టూ గోధుమరంగు మరక కనిపిస్తే గ్యాసు లీకు అనుకుంటారు. చాలాసార్లు అది అధిక ఓల్టేజ్‌కు గాలిలోని నూనె, దుమ్ము అంటుకున్న మరక. దానితో నష్టం లేదు. పింగాణీ మీద నిలువుగా నల్లటి గీతలుంటే మాత్రం కరెంటు బయటినుంచే దూకుతోందని అర్థం, ప్లగ్గుతో పాటు బూటు కూడా మార్చాలి.

ప్రశ్న (బంగారుపాళ్యం)

ఈ రోజు విప్పించాను. నాలుగూ నికెల్‌వే. గేజుతో చూస్తే పుస్తకంలో ఉన్నదానికంటే గ్యాప్ అన్నింటికీ ఎక్కువే. రెండో సిలిండర్ గుంతలో నూనె ఉంది, దాని బూటు ఉబ్బి మెత్తబడింది, ప్లగ్గు మీద మీరు చెప్పిన నల్లగీత కూడా ఉంది. స్కానర్ పెడితే పీ0302 వచ్చింది. ఆ ఒక్క ప్లగ్గు, బూటు మార్చి చూడమంటున్నారు.

జవాబు (తిరుపతి, వర్క్‌షాప్)

పీ0302 అంటే రెండో సిలిండర్ మిస్సింగ్, నువ్వు చూసినదానితో సరిపోయింది. ప్లగ్గులు నాలుగూ మార్చేయి, అన్నీ ఒకే దూరం తిరిగినవి. బూటు విడిగా దొరికితే బూటే చాలు, దొరకకపోతే కాయిల్‌తో కలిపి తీసుకో. కాయిల్ బాగుందో లేదో ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. కొత్త ప్లగ్గులు వేశాక, రెండో సిలిండర్ కాయిల్‌కు బాగున్న బూటు వేసి మూడోదాని మీద పెట్టి, మూడోది ఇటు పెట్టు. కోడ్ చెరిపించి లోడుతో ఒకసారి ఘాట్ ఎక్కు. పీ0303 వస్తే కాయిల్ పోయింది. మళ్లీ పీ0302 వస్తే కాయిల్‌ను వదిలేసి ఆ సిలిండర్ ఇంజెక్టర్, కంప్రెషన్ చూపించు. ఏ కోడూ రాకపోతే బూటు, ప్లగ్గులతోనే తీరిపోయింది.

ఆ నూనె వచ్చేది ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) గ్యాస్కెట్ నుంచో, ప్లగ్గు గుంత సీలు నుంచో. అది ఇప్పుడే మార్పించు, పెద్ద ఖర్చేమీ కాదు. వదిలేస్తే కోత మధ్యలో కొత్త బూటు కూడా ఇలాగే ఉబ్బుతుంది. వాటర్ వాష్‌కు ఇచ్చినప్పుడు ఇంజిన్ పైభాగం మీదికి ప్రెషర్ పంపు తిప్పొద్దని చెప్పు.