అప్‌డేట్: కుటుంబ ప్రార్థనకు రానంటున్న మా అబ్బాయి గురించి

మా పెద్దబ్బాయి కుటుంబ ప్రార్థనలో కూర్చోనంటున్నాడు, బలవంతం చేయకుండా విశ్వాసాన్ని ఎలా అందించాలి అని అప్పట్లో అడిగాను. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

చాలామంది బైబిల్లోని ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం చూడమన్నారు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో దేవుని మాటలు మాట్లాడమని ఉంది అక్కడ. నాకు బాగా పనికొచ్చింది ఇదే. సాయంత్రాలు వాడితో నడకకు వెళ్లడం మొదలుపెట్టాను. మొదట్లో ఇద్దరం మౌనంగానే నడిచాం.

ఒకరోజు వాడే అడిగాడు: "నాన్నా, నానమ్మ కోసం అందరం అంత ప్రార్థన చేశాం కదా, మరి ఎందుకు చనిపోయింది?" అడుగుతూనే చెప్పు సర్దుకుంటున్నట్టు కిందికి వంగాడు, నా ముఖం చూడకుండా. నాకు తెలియదనే చెప్పాను. నేనూ దేవుణ్ణి అదే అడుగుతున్నానని చెప్పాను. ఇంటికొచ్చాక 13వ కీర్తన కలిసి చదివాం. ఇంకెంతకాలం నన్ను మర్చిపోతావని దావీదు అందులో దేవుణ్ణే నిలదీస్తాడు. "బైబిల్లో ఇలా కూడా ఉంటుందా?" అన్నాడు వాడు. మళ్లీ చదివాడు, ఈసారి గట్టిగా.

ప్రార్థనకు రాకపోతే ఫోన్ తీసేసుకోమని కొందరన్నారు. ఆ పని చేయలేదు, చేయను. పిల్లలకు కోపం రేపవద్దని ఎఫెసీయులకు రాసిన పత్రిక 6:4లో పౌలు చెప్పింది తండ్రులకే.

ఇప్పుడు కొన్ని రాత్రులు వచ్చి కూర్చుంటున్నాడు. కళ్లు మూసుకోడు, నోరు విప్పడు. అయినా వస్తున్నాడు, నాకు చాలా సంతోషంగా ఉంది. తనే అడిగేదాకా బాప్తిస్మం మాట ఎత్తవద్దని పాస్టర్ గారిని కోరాను, ఆయన సరేనన్నారు. వాడి కోసం ప్రార్థన చేస్తూ ఉండండి.