రాత్రి ఫోన్ ఆర్డర్లు: తప్పు రాకుండా ఎలా రాసుకోవాలి?

పర్లాకిమిడి_సిస్టర్:
రాత్రి వార్డులో ఇద్దరం సిస్టర్లం, డాక్టరుగారు ఫోన్‌లో. సార్‌ది ఒడియా, మేం శ్రీకాకుళం వైపు వాళ్లం. ఆయన చెప్పింది పచిశా, పచాశా అని సందేహం. మళ్లీ అడిగితే విసుక్కుంటారు. పొద్దున సంతకం అడిగితే "నేనలా అనలేదే" అంటారు. ఏం చెయ్యాలండీ?

వార్డు_ఇన్‌ఛార్జి:
పచిశ అంటే 25, పచాశ అంటే 50. ఫ్యాను హోరులో రెండూ ఒకటే. ఇంగ్లిష్‌లో ఫిఫ్టీన్, ఫిఫ్టీ కూడా అంతే. అందుకే అంకెలు విడదీసి "టూ, ఫైవ్, ఇరవై అయిదు మిల్లీగ్రాములు" అనండి. ముందు రాయండి, రాసింది చూసి చదవండి. గుర్తున్నది అప్పజెప్పకూడదు. స్పీకర్ పెట్టి రెండో సిస్టర్‌ని వినమనండి. మందు, డోసు, ఏ దారిన (నోటికా, కండకా, నరానికా), ఎన్నిసార్లు, టైము, డాక్టరు పేరు, మీ ఇద్దరి సంతకాలు వెంటనే పడాలి.

ఇన్సులిన్‌కి 'యు' అక్షరం రాయొద్దు. 4 పక్కన అది సున్నాలా కనిపించి 40 అవుతుంది. యూనిట్లు అని పూర్తిగా రాయండి. మి.లీ.కి 40 యూనిట్లుండే వయల్‌కి ఎర్ర మూత సిరంజే. ఆ మందునే మి.లీ.కి 100 యూనిట్ల సిరంజిలో 10 గీత దాకా లాగితే వెళ్లేది 4 యూనిట్లే.

రాయగడ_డ్యూటీ_డాక్టర్:
విసుగు తప్పే, ఒప్పుకుంటాను. కానీ "సార్, ఆరో మంచం బాలేదు" అంటే నిద్రలో ఉన్నవాడికి ఏం తెలుస్తుంది? ఇలా చెప్పండి: "డెలివరీ అయి 6 గంటలు. బీపీ 170/110, అరగంట క్రితం 150/100. తలనొప్పి, కళ్లు మసక. ఫిట్స్ రాలేదు. ప్రీఎక్లాంప్సియా అనుకుంటున్నాను. మీరు రావాలి, ఈలోగా మ్యాగ్‌సల్ఫ్ తీసి ఉంచమంటారా?" (ప్రీఎక్లాంప్సియా అంటే గర్భిణికి, బాలింతకి బీపీ ప్రమాదకరంగా పెరగడం; మ్యాగ్‌సల్ఫ్ అంటే ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్.) "మీరు రావాలి" అన్న ఆ చివరి మాట లేకపోతే చాలామంది డాక్టర్లు "సరే, చూస్తూ ఉండండి" అనేస్తారు. దీన్నే ఎస్‌బార్ అంటారు (ఇంగ్లిష్‌లో SBAR: ఇప్పటి పరిస్థితి, వెనకటి వివరం, మీ అంచనా, ఏం కావాలో), పుట్టింది అమెరికా నేవీ జలాంతర్గాముల్లో.

లేబర్‌రూమ్_సీనియర్:
మ్యాగ్‌సల్ఫ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఆంప్యూళ్ల లెక్కలో కాదు, గ్రాముల్లో మాట్లాడుకోండి. 50 శాతం, 2 మి.లీ. ఆంప్యూల్‌లో ఉండేది 1 గ్రామే. పిర్రకి 5 గ్రాములంటే 5 ఆంప్యూళ్లు, 10 మి.లీ. బరంపురం పెద్దాసుపత్రికి పంపేటప్పుడు ఎన్ని గ్రాములు, ఎన్ని గంటలకి ఇచ్చారో రిఫరల్ చీటీ పైనే పెద్దగా రాయండి. లేకపోతే అక్కడ మొదటి డోసు మళ్లీ పడుతుంది. తర్వాతి డోసు ముందు మోకాలి జర్క్ ఉందా, శ్వాస నిమిషానికి 16 కన్నా తగ్గలేదా, 4 గంటల్లో మూత్రం 100 మి.లీ. దాటిందా చూడాలి. మ్యాగ్‌సల్ఫ్ ఎక్కువైతే విరుగుడుగా ట్రేలో 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. ఉండాలి.

పర్లాకిమిడి_సిస్టర్:
మేం చదివి వినిపించాక డాక్టరుగారు "అవును" అనకుండానే ఫోన్ పెట్టేస్తే?

వార్డు_ఇన్‌ఛార్జి:
మళ్లీ కొట్టండి, అప్పటిదాకా ఆంప్యూల్ విరవొద్దు. డాక్టరు పక్కనే ఉండగా రోగి గుండె ఆగినప్పుడు మాత్రం రాత తర్వాత. "అడ్రినలిన్ 1 మి.గ్రా., ఇస్తున్నాను" అని పైకి అని ఇచ్చేయండి. ఖాళీ ఆంప్యూళ్లు పారెయ్యకండి, అంతా అయ్యాక వాటిని లెక్కపెట్టే రాసుకోవాలి.