ఫెన్సింగ్ అంటే కంచేనా?

అందరికీ నమస్కారం. మా టీంలో కొత్తవాళ్ళ కోసం పేస్‌మేకర్ క్లస్టర్ (ఒక సర్వర్ పడిపోతే దాని పని ఇంకోటి ఎత్తుకునేలా సర్వర్లని కలిపి నడిపే ఏర్పాటు) గురించి తెలుగులో నోట్స్ రాస్తూ ఫెన్సింగ్ అన్న మాట దగ్గర ఆగిపోయాను. కంచె అని రాస్తే చదివినవాళ్ళు ఫైర్‌వాల్ లాంటిదేమో అనుకున్నారు, వాళ్ళ తప్పేం లేదు, కంచె అంటే చేను చుట్టూ ముందే వేసి ఉంచేది కదా. ఫెన్సింగ్ సంగతి వేరు. రెండు సర్వర్లకి ఒకే డిస్కు ఉంది, ఒకటి ఉలుకూ పలుకూ లేకుండా అయిపోయింది అనుకోండి, అది నిజంగా పడిపోయిందో లేక నెట్‌వర్క్ మాత్రమే తెగి ఇంకా డిస్కు మీద రాస్తూనే ఉందో రెండోదానికి తెలీదు, అందుకని ఐపీఎంఐ (సర్వర్‌ని దూరం నుంచే ఆపి, ఆన్ చేసే ఏర్పాటు) ద్వారానో పవర్ స్విచ్ ద్వారానో ముందు దాని కరెంటు తీయించి, ఆగిపోయిందని జవాబు వచ్చాకే దాని పని తను ఎత్తుకుంటుంది. జవాబు రాకపోతే ఎత్తుకోదు, సర్వీసు అలా ఆగే ఉంటుంది.

వెలివేయడం అని ఒకరు చెప్పారు. ఆ మాట వెనక ఊళ్ళలో మనుషులు పడ్డ బాధ ఉంది, మెషీన్‌కి వాడటానికి నాకు మనసొప్పలేదు. పైగా రీబూట్ అయ్యాక ఆ నోడ్ (అంటే క్లస్టర్లోని సర్వర్) మళ్ళీ క్లస్టర్లో చేరొచ్చు కూడా.

— మా ఊళ్ళో బందెలదొడ్డి ఉండేదండీ. పరాయి చేలో పడ్డ గొడ్డుని తోలుకుపోయి అందులో పెట్టేసేవాళ్ళు, యజమాని డబ్బు కట్టి విడిపించుకోవాలి. బందె అంటే సరిపోతుందేమో చూడండి.

— ఎంత బాగా చెప్పారండీ! చేను అంటే డిస్కు, గొడ్డు అంటే మాట వినని నోడ్, బందెలో పడిందని కబురు వచ్చేదాకా చేలోకి ఇంకెవరూ దిగరు. ఏ నోడ్‌కి ఏ పవర్ పోర్టో రాసే పీసీఎంకే హోస్ట్ మ్యాప్ సెట్టింగ్ కూడా దీంతో చెప్పేయొచ్చు, అది తప్పు రాస్తే బాగున్న గొడ్డుని బందెలో పెట్టినట్టే.

— నాదో మాట అన్నా. ఫెన్స్ స్కసీ (డిస్కు వైపు నుంచే నోడ్‌ని ఆపే ఫెన్సింగ్ పద్ధతి) వాడినప్పుడు నోడ్ కరెంటు తీయరు, డిస్కులో దాని రిజిస్ట్రేషన్ కీ (రాయడానికి అనుమతిచ్చే గుర్తు) తీసేస్తారు, నోడ్ నడుస్తూనే ఉంటుంది కానీ రాయలేదు. అక్కడ కంచె అన్నదే కరెక్ట్ కదా?

— నిజమే తమ్ముడూ, నాకు తట్టలేదు. అయితే కరెంటు తీసేదానికి బందె, డిస్కు మూసేదానికి కంచె అని రెండూ పెడతాను. రాయలసీమ, తెలంగాణ వైపు వాళ్ళు బందెలదొడ్డిని ఏమంటారో కూడా చెప్పండి, నోట్స్‌లో ఆ మాట పక్కనే రాస్తాను.