ఖాళీ అయిన తిత్తి త్వచంలో కలిసిపోతుందా, తాకి వెనక్కి వెళ్తుందా?

యలహంక స్వాతి:
అందరికీ నమస్కారం. బెంగళూరులో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. డిగ్రీలో నేర్చుకున్నది ఇదీ: సంకేతం నాడీకణం పొడవాటి తీగ (ఆక్సాన్) చివరికి చేరగానే కాల్షియం మార్గాలు తెరుచుకుంటాయి. లోపలికొచ్చిన కాల్షియం వల్ల ఎసిటైల్‌కోలిన్ లాంటి రసాయనం నిండిన చిన్న తిత్తులు (వెసికల్స్) కణాన్ని కప్పిన పొరకు, అంటే బయటి త్వచానికి, అతుక్కుని ఆ రసాయనాన్ని రెండు కణాల మధ్య సందులోకి వదులుతాయి. అవతలి త్వచం మీద గ్రాహకాలు తెరుచుకుంటాయి, సోడియం లోపలికొస్తుంది, మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గరున్న పొటెన్షియల్ (త్వచానికి లోపలా బయటా ఉన్న వోల్టేజి తేడా) సున్నా వైపు జరుగుతుంది. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు.

నిన్న మా సెమినార్‌లో పేచీ వచ్చింది ఆ తర్వాతి సంగతి మీద. ఖాళీ అయిన తిత్తి త్వచంలో కలిసిపోతుందా, లేక చిన్న రంధ్రం తెరిచి, రసాయనం వదిలి, మూసుకుని వెనక్కి వెళ్తుందా? రెండోదే నిజమని నేను వాదించాను. మెదడులో చిన్న సినాప్స్‌లో (రెండు నాడీకణాలు కలిసే చోట) తిత్తులు సుమారు 200 ఉంటాయి. సెకనుకు పదుల సార్లు సంకేతం పంపాల్సిన నాడికి, ప్రతిసారీ త్వచాన్ని తిరిగి లాక్కుని కొత్త తిత్తి కట్టుకునే తీరిక ఎక్కడుంది?

మారతహళ్లి మాస్టారు:
అమ్మా, తీరిక లేదు కాబట్టి అలా జరగదు అనడం వాదన కాదు. చూసినవాళ్లు ఏం చూశారన్నది ముఖ్యం. 1973లో హ్యూజర్, రీస్ కప్ప నాడీ-కండర సంధిని సెకనుకు 10 సార్లు చొప్పున ఒక నిమిషం ప్రేరేపించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూశారు. తిత్తులు తగ్గాయి, బయటి త్వచం వైశాల్యం పెరిగింది. తిత్తి ఎక్కడికి పోయిందో ఆ లెక్కే చెబుతోంది. వాన చుక్క చెరువులో కలిసినట్టు కలిసిపోయింది. తర్వాత క్లాత్రిన్ అనే ప్రొటీన్ తొడుగుతో పక్కన ఆ త్వచం తిరిగి లోపలికి వచ్చింది.

రసాయనాలతో బిగించి నిలబెట్టిన కణజాలం కదా, అది బిగిసేలోగా ఏమైనా జరిగి ఉండొచ్చు అని కొందరు అన్నారు. అందుకే 1979లో ద్రవ హీలియంతో చల్లబరిచిన రాగి దిమ్మె మీద కండరాన్ని పడేసి క్షణంలో గడ్డకట్టించారు. తెరుచుకున్న తిత్తులు అందులోనూ కనిపించాయి.

యలహంక స్వాతి:
మాస్టారూ, అదే 1973లో, అదే పత్రికలో చెక్కారెల్లి బృందం కూడా కప్ప మీదే పని చేసి ప్రచురించింది. వాళ్లు సెకనుకు 2 సార్లు మాత్రమే, గంటల తరబడి ప్రేరేపించారు. తిత్తుల సంఖ్య పెద్దగా తగ్గలేదు. అంటే రసాయనం వదిలిన తిత్తులే తిరిగి వాడుకలోకి వచ్చాయని వాళ్ల వాదన. మీరు చెప్పిన ప్రయోగంలో నాడిని మరీ గట్టిగా తోశారు. 1979 నాటి దాంట్లో ఇంకా ఎక్కువ: రసాయనం విడుదలను బాగా పెంచే 4-అమినోపిరిడిన్ కలిపారు. అంత ఒత్తిడిలో జరిగేదాన్ని మామూలు పనికి అంటగట్టవచ్చా?

హెబ్బాళ ఈగల ల్యాబ్:
ఇద్దరూ కప్ప దగ్గరే ఆగిపోయారు. పళ్ల ఈగల్లో షిబిరే అనే మ్యుటెంట్ (జన్యువు మారిన రకం) ఉంది. సుమారు 29 డిగ్రీలు దాటితే పక్షవాతం వచ్చినట్టు పడిపోతుంది, చల్లబరిస్తే లేచి నడుస్తుంది. మన బెంగళూరు జీకేవీకే ఆవరణలోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్‌ను స్థాపించిన ఒబైద్ సిద్దిఖీ కూడా 1970లలో సీమోర్ బెంజర్‌తో కలిసి ఇలా వేడికి పడిపోయే ఈగల నాడుల మీదే పనిచేశారు. షిబిరేలో చెడింది డైనమిన్ అనే ప్రొటీన్. లోపలికి మడిచిన త్వచాన్ని మెడ దగ్గర తెంపేది అదే. వేడి చేసిన ఈగ నాడీ కొసల్లో తిత్తులు అయిపోయాయి, సగం మడతపడ్డ త్వచం తెగకుండా వేలాడుతూ ఉంది. తిత్తి మూసుకుని వెళ్లిపోయేదే అయితే ఇలా ఎందుకు అయిపోతుంది?

యలహంక స్వాతి:
అన్నా, తెరిచిన రంధ్రాన్ని మూయడానికి కూడా డైనమిన్ కావాల్సి ఉండొచ్చు కదా. అప్పుడు షిబిరే నా వాదనకూ అడ్డు కాదు.

బొమ్మనహళ్లి నర్సు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. కట్లపాము కాటు కేసుల్లో యాంటీవీనం ఇచ్చాక కూడా రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. నాగుపాము కాటుకు నియోస్టిగ్మిన్ అనే మందు బాగా పనిచేసినంతగా దీనికి చేయదు. మీరు చెప్పేదానికీ దీనికీ సంబంధం ఉందా?

మారతహళ్లి మాస్టారు:
చాలా ఉందమ్మా. నాగుపాము విషం ముఖ్యంగా అవతలి వైపు గ్రాహకాలను మూస్తుంది. నియోస్టిగ్మిన్ సందులో ఎసిటైల్‌కోలిన్‌ను ఎక్కువసేపు నిలబెడుతుంది కాబట్టి అక్కడ పోటీకి దిగగలదు. కట్లపాము విషంలోని బీటా-బంగారోటాక్సిన్లు ఇవతలి నాడీ కొస త్వచాన్నే దెబ్బతీస్తాయి. తిత్తులు ఖర్చయిపోతాయి, కొత్తవి రావు. విడుదలయ్యేదే లేనప్పుడు నిలబెట్టడానికి ఏముంది? పాడైన కొస మళ్లీ పెరగాలి, దానికి రోజులు పడుతుంది. స్వాతీ, ఈ రకం విషం సోకిన కొసల్లోనూ త్వచం సగం మడతపడి ఆగిపోయి కనిపించింది.

ఇక నీ వేగం సంగతి. 2013లో వాతనబే, యోర్గెన్‌సెన్ వాళ్లు కాంతితో నాడిని ఒక్కసారి ప్రేరేపించి, కొన్ని మిల్లీసెకన్లకే గడ్డకట్టించి చూశారు. ఎలుక నాడీకణాల్లో త్వచం 50 నుంచి 100 మిల్లీసెకన్లలోనే లోపలికి వచ్చింది. ఇది శరీర ఉష్ణోగ్రత దగ్గర సంగతి. గది చల్లదనంలో ఈ దారి పనిచేయదు, నిదానమైన క్లాత్రిన్ దారే మిగులుతుంది. పైగా లోపలికొచ్చిన ముక్క అడ్డం సుమారు 80 నానోమీటర్లు, తిత్తి అడ్డం 40. అంటే నాలుగు తిత్తుల త్వచం ఒకే మడతలో వచ్చింది. విడిగా మూసుకుని వెనక్కి వెళ్లిన తిత్తి అలా ఉండదు.

యలహంక స్వాతి:
ఇంత వేగంగా తిరిగి రాగలదంటే నేను వేగం గురించి అన్నది నిలవదు, ఒప్పుకుంటాను. కానీ మాస్టారూ, తాకి వెనక్కి వెళ్లిన తిత్తి ఫోటోలో ఎలా ఉంటుంది? అసలు తెరుచుకోని తిత్తిలాగే, 40 నానోమీటర్ల గుండ్రంగా. గడ్డకట్టించిన ఏ ఫోటో అయినా కలిసిపోయిన వాటినే చూపించగలదు.

అందుకే 2009లో ఝాంగ్, లీ, త్సియెన్ తిత్తుల్లో సుమారు 15 నానోమీటర్ల క్వాంటం డాట్లు (వెలుగునిచ్చే అతి చిన్న కణాలు) పెట్టారు. చిన్న రంధ్రంలోంచి ఆ డాట్ బయటకు పోలేదు, పూర్తిగా కలిసిపోతేనే పోతుంది. తిత్తి తెరుచుకున్నప్పుడు లోపలి ఆమ్లత్వం మారి డాట్ కాస్త ఎక్కువ వెలుగుతుంది. వెలుగు పెరిగి, డాట్ మాత్రం అక్కడే మిగిలిపోయిన సందర్భాలు వాళ్లకు బాగానే దొరికాయి. ప్రేరణ మొదట్లో అవి ఎక్కువ, పోనుపోను కలిసిపోయేవి పెరిగాయి.

మారతహళ్లి మాస్టారు:
డాట్ ఉన్న తిత్తి మామూలు తిత్తిలాగే ప్రవర్తిస్తుందని ఎవరు చెప్పారు? 40 నానోమీటర్ల తిత్తిలో 15 నానోమీటర్ల గట్టి వస్తువు అంటే చిన్నదేం కాదు. డాట్ లేకుండా, కెపాసిటెన్స్ (త్వచం వైశాల్యంతో పాటు పెరిగే విద్యుత్ కొలత) కొలిచి చూపించాలి. ఒక తిత్తి కలిస్తే పెరిగేది సుమారు 50 అట్టోఫారడ్లు. చెవి దారిలోని పెద్ద సినాప్స్, కేలిక్స్ ఆఫ్ హెల్డ్‌లో అంత చిన్న మెట్టును కూడా పట్టగలిగారు. మెట్టు ఎక్కి అక్కడే ఉన్నవి ఎన్ని, ఎక్కి వెంటనే దిగినవి ఎన్ని అన్నది లెక్కతీసి రా. శరీర ఉష్ణోగ్రత దగ్గర, మామూలు వేగంలో దిగినవే ఎక్కువ ఉంటే ఆ రోజు నీ మాట ఒప్పుకుంటాను.

యలహంక స్వాతి:
సరే మాస్టారూ. కేలిక్స్ పేపర్లు ఈ వారంలో చదివి, ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచారో కూడా ఇక్కడే రాస్తాను.